సున్నా దాటని పాదరసం

1984లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, గుంటూరు కొత్తపేటలోని మా హైస్కూలు మొత్తానికి ప్రయోగాలకు పనికివచ్చే థర్మామీటరు ఒక్కటే ఉండేది. సైన్సు మాస్టారు దానిని దూది పరిచిన పొడవాటి అట్టపెట్టెలో పడుకోబెట్టి, బీరువా పై అరలో దాచి, తాళంచెవిని తన చొక్కా జేబులోనే ఉంచుకొనేవారు. అది బయటికి వచ్చే రోజు ఏదో మాకు ముందుగానే తెలిసిపోయేది. ఆ రోజు మాస్టారి చేతిలో బెత్తం ఉండేది కాదు, రెండు చేతులతోనూ ఆ పెట్టెను పట్టుకొని వరండా వెంట మెల్లగా నడిచి వచ్చేవారు. నలభై ఏళ్ళు గడిచిన తరువాత కూడా ఘన, ద్రవ, వాయు స్థితులు అన్న మాట ఎక్కడ చదివినా నాకు ముందుగా కనిపించేది ఆ నడకే.

ఆ పాఠాన్ని మేము మొదట ఎక్కాల మాదిరిగా వల్లెవేశాము. ఘనపదార్థానికి నిర్దిష్టమైన ఆకారమూ ఘనపరిమాణమూ రెండూ ఉంటాయి. ద్రవానికి ఘనపరిమాణం మాత్రమే ఉండి, ఆకారం అది ఉన్న పాత్రను బట్టి మారుతుంది. వాయువుకు ఆ రెండూ ఉండవు, ఎంత చోటిస్తే అంతటా పరచుకొంటుంది. ఈ మూడు వాక్యాలు తప్పులేకుండా ఒప్పజెప్పినంత మాత్రాన కూర్చోమనే అలవాటు మా మాస్టారికి లేదు. ప్రహరీ పక్కన కొత్త గది కట్టడానికి కృష్ణ ఇసుక తోలించి పోసి ఉంది. ఒక కుర్రవాడిచేత గ్లాసుడు ఇసుక తెప్పించి, దానిని గిన్నెలోకి, గిన్నెలోనుంచి సీసాలోకి పోసి చూపించి, "పాత్ర ఆకారమే దీని ఆకారం అవుతోంది కదా, మరి ఇసుక ద్రవమా?" అని అడిగారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి, పాత్ర మారినా ఒక్కొక్క రేణువు ఆకారం మారలేదని, పైగా నేల మీద పోస్తే ఇసుక కుప్పగా నిలుస్తుందని, నీళ్ళు అలా నిలవవని చెప్పింది. మాస్టారు ఆ రెండో మాటను ఆ అమ్మాయిచేతనే బోర్డు మీద రాయించారు.

ఆ రోజే ఆయన మరొక మాట అన్నారు. పదార్థానికి స్థితులు ఎన్ని అని పరీక్షలో అడిగితే, "మూడు అని రాయండి, మూడే అని రాయకండి" అన్నారు. ఆ ఒక్క అక్షరం తేడా ఎందుకో ఆయన ఆ వయసులో మాకు పూర్తిగా విప్పి చెప్పలేదు గాని, తల మీద వెలిగే ట్యూబులైటు వైపు వేలు చూపించి, అందులో వెలుగుతున్నది మామూలు వాయువు కాదని మాత్రం చెప్పారు. నాలుగో స్థితి అన్న ఊహను 1879లో విలియం క్రూక్స్ ముందుకు తెచ్చాడని, విద్యుదావేశం పొందిన ఆ వాయువుకు ప్లాస్మా అన్న పేరు 1928లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ పెట్టాడని నేను చాలా కాలం తరువాత చదువుకొన్నాను. 1924లో ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ రాసిన పరిశోధన పత్రం నుంచి, ఐన్‌స్టీన్ దానిని పొడిగించిన తీరు నుంచి పుట్టిన మరో స్థితి, బోస్-ఐన్‌స్టీన్ సంఘననం, అప్పటికి లెక్కల్లోనే ఉంది. పరమశూన్యానికి, అంటే అంతకంటే చల్లబరచడం వీలుకాని హద్దుకు, పైన ఒక డిగ్రీలో పది లక్షో వంతు కూడా లేని ఉష్ణోగ్రత వద్ద రుబీడియం పరమాణువులతో దానిని అమెరికాలోని బౌల్డర్‌లో సాధించింది 1995లో. మాస్టారు మా నోటుపుస్తకాల్లో ఖాళీగా విడిచిన చోటు పదకొండేళ్ళ తరువాత నిండింది. ఆ వార్త చదివిన రోజున నేను మొట్టమొదట తలచుకొన్నది ఆయన పలికిన ఆ ఏకారాన్నే.

వ్యాపనం గురించి చెబుతూ ఉదాహరణలు అడిగినప్పుడు, గుంటూరు పిల్లలం కాబట్టి, సీజనులో యార్డుకు లారీలు బారులు తీరినప్పుడు ఊరంతా కమ్మే మిరపకాయల ఘాటును ముక్తకంఠంతో చెప్పాము. ఆయన ఒప్పుకోలేదు. మల్లెపూల వాసన గది అంతటా పరచుకోవడం సరైన ఉదాహరణ, ఎందుకంటే పూలలోని సుగంధ తైలం ఆవిరై, దాని అణువులు గాలి అణువుల మధ్య తమంతట తామే దారి చేసుకొంటాయి. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం అంత తేలికగా ఆవిరి కాదు, మనల్ని దగ్గించేది గాలికి లేచిన సన్నని ధూళి, అంటే ఘనపదార్థమే అని వివరించారు. మా ఊరి ప్రత్యేకత పాఠంలో చోటు దక్కించుకోలేదని అప్పుడు కాస్త చిన్నబోయాము. దగ్గరగా కనిపించే ఉదాహరణను కూడా పరీక్షించి తిప్పి పంపే ఆ ఓపిక ఎంత అరుదైనదో, తరువాత ఎందరో గురువులను చూశాక గాని నాకు తెలిసిరాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా మావయ్య నల్లచెరువు వైపు ఒక ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరు చూసుకొనేవాడు. మంచు కరగడాన్ని తరగతిలో చూపించాలని మాస్టారు అనుకోగానే, ఐసు తెచ్చే బాధ్యత సహజంగానే నాకు వచ్చింది. తెల్లవారుజామున సైకిలు మీద వెళ్ళి, మావయ్య పగలగొట్టి ఇచ్చిన ముక్కలను ఊకలో పొదిగి, గోనెపట్టాలో చుట్టి, స్టీలు క్యానులో పెట్టుకొని బడికి తెచ్చాను. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి తీసినప్పుడు ఆ దిమ్మ సున్నాకు చాలా కిందనే ఉంటుందట. బడికి చేరేసరికి క్యాను అడుగున నీళ్ళు చేరాయి. "తడి కనిపించిందంటే సున్నాకు వచ్చేసినట్టే, ఇక ఇక్కడి నుంచి చూడండి" అని మాస్టారు ఐసును నలగ్గొట్టి బీకరులో నింపి, కింద స్పిరిటు దీపం వెలిగించి, థర్మామీటరును అందులో నిలబెట్టారు. ఆయన హెచ్‌.ఎం.టి. చేతిగడియారం బల్ల మీద ఉంది. అర నిమిషానికి ఒకసారి ఒకరు అంకె చదవాలి, మరొకరు రాయాలి, మూడోవాడు గాజు కడ్డీతో కలుపుతూ ఉండాలి.

మా జట్టు వంతు వచ్చినప్పుడు రాసే పని నాది. థర్మామీటరు పాతదవడం వల్ల కాబోలు, సున్నాకు బదులు అర డిగ్రీ దగ్గర నిలబడింది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు గడిచినా పాదరసం కదలలేదు. కింద దీపం మండుతోంది, బీకరు వేడెక్కుతోంది, అలాంటప్పుడు అంకె పెరగకపోవడం నాకు అసాధ్యంగా తోచింది. చదివేవాడు ఏదో తప్పు చదువుతున్నాడని అనుకొన్నాను. అతడు "అర" అన్నప్పుడల్లా నేను నా బుద్ధికి సరి అనిపించిన అంకెలు వేసుకొంటూ పోయాను: ఒకటి, రెండు, మూడున్నర, అయిదు. పట్టిక చాలా ముచ్చటగా వచ్చింది. గీత గీస్తే నిటారుగా పైకి పోయే పట్టిక అది.

మాస్టారు నా పుస్తకం చూసి ఏమీ అనలేదు. బీకరులోకి చూశారు, అందులో ఇంకా సగానికి పైగా ఐసు తేలుతోంది. గంట కొట్టి పిల్లలందరూ వెళ్ళిపోయాక నన్ను ఒక్కడినే ఉండమన్నారు. మిగిలిన ఐసును బీకరులో వేసి, దీపం వెలిగించి, ఈసారి తానే గాజు కడ్డీతో కలుపుతూ, తానే థర్మామీటరు చదువుతూ, నన్ను రాయమన్నారు. "అర" అన్నారు. రాశాను. అర నిమిషం తరువాత మళ్ళీ "అర" అన్నారు. అలా పద్దెనిమిదిసార్లు అదే గొంతుతో, విసుగూ కోపమూ ఏ కోశానా లేకుండా, ఆ ఒక్క మాటే పలికారు. ఖాళీ తరగతి గదిలో ఆ మాట మళ్ళీ మళ్ళీ వినపడుతుంటే నాకు మొదట సిగ్గు వేసింది. కొంతసేపటికి సిగ్గు పోయి ఆశ్చర్యం మిగిలింది. చివరి ముక్క కరిగిపోయిన కొద్ది క్షణాలకు పాదరసం ఒక్కసారిగా కదిలి, ఒకటి, మూడు, అయిదు, ఏడు అంటూ పరుగెత్తింది. అంతసేపు ఇచ్చిన వేడి అంతా ఎక్కడికి పోయింది? ఆ ప్రశ్న ఆయన అడగలేదు, నేనే అడిగాను.

మర్నాడు ఆయన ఆ ప్రశ్నను తరగతి ముందు పెట్టారు. ఘనస్థితిలో అణువులు ఒకదానినొకటి పట్టుకొని తమ తమ చోట్లలోనే కంపిస్తూ ఉంటాయి. మామూలుగా వేడి ఇస్తే ఆ కంపనం పెరుగుతుంది, దానినే థర్మామీటరు ఉష్ణోగ్రతగా చూపిస్తుంది. కాని కరిగే వేళ వచ్చిన వేడి అంతా ఆ పట్టును సడలించడానికే ఖర్చవుతుంది గనుక అణువుల వేగం పెరగదు, పాదరసమూ పెరగదు అని చెప్పారు. ఒక గ్రాము మంచును సున్నా వద్దనే నీరుగా మార్చడానికి సుమారు 80 కెలోరీలు కావాలి. అదే వేడిని ఆ కరిగిన నీటికి ఇస్తే సున్నా నుంచి 80 డిగ్రీల వరకు, అంటే నోరు కాలే కాఫీ అంత వేడిగా మారుతుంది. ఈ అంకెను ఆయన పుస్తకం నుంచి చదివి ఊరుకోలేదు. క్రితం రోజు నాచేత రాయించిన పట్టికనే తెరిపించారు. ఐసు కరగడానికి మాకు తొమ్మిది నిమిషాలు పట్టింది. అదే దీపం మీద ఆ నీరు 80 డిగ్రీలకు చేరడానికి పది నిమిషాలు దాటింది. ఆ ఎక్కువ సమయం ఎందుకు పట్టిందని అడిగి, నీరు వేడెక్కే కొద్దీ గదిలోకి పోయే వేడి కూడా పెరుగుతుందని మా చేతనే చెప్పించారు. చేతిగడియారంతో, స్పిరిటు దీపంతో, పాత థర్మామీటరుతో ప్రకృతి అంకె ఒకటి మా చేతికి అంత దగ్గరగా చిక్కడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఈ విషయాన్ని మొదట కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్ గురించి కూడా ఆయనే చెప్పారు. 1760ల తొలి ఏళ్ళలో గ్లాస్గోలో బ్లాక్ ఒకే రకం గాజు పాత్రలు రెండు తీసుకొని, ఒకదానిలో ఐసును, మరొకదానిలో ఐసంత చల్లని నీటిని ఉంచి, ఒకే గదిలో వదిలేశాడు. నీరు అరగంటలో ఫారెన్‌హీట్ కొలతలో 7 డిగ్రీలు వేడెక్కింది. ఐసు పాత్ర ఆ స్థాయికి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. బయట కూడా అదే కదా జరుగుతున్నది అని బ్లాక్ వాదించాడట. కరగడానికి ఇంత వేడి అవసరం లేకపోతే, వసంతంలో ఎండ కాస్త హెచ్చగానే కొండల మీది మంచు అంతా ఒక్కసారిగా నీరై ఊళ్ళను ముంచెత్తి ఉండేది. మంచు కొండ ఎన్నడూ చూడని మాకు ఆ మాట అందుతుందో లేదో అని మాస్టారు సందేహించారు గాని, కృష్ణకు వరద వస్తే బ్యారేజి గేట్లన్నీ ఎత్తడం విని పెరిగిన పిల్లలకు అది వెంటనే అందింది.

ఆ ఆదివారం ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి మావయ్యకు ఇదంతా చెప్పాను. ఆయన ఏడో తరగతి దాటలేదు. నేను చెప్పినది సాంతం విని, "కరగడానికి అంత వేడి కావాలంటే, గడ్డకట్టించాలంటే అంత వేడీ మేం తోడి బయట పొయ్యాలి కదా అల్లుడూ, రాత్రింబగళ్ళు మేం చేసేది అదే" అన్నాడు. మాస్టారు చెప్పిన పాఠానికి అది రెండో సగం అని నాకు వెంటనే తెలిసింది. పెద్ద తొట్టిలో గడ్డకట్టని ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో వరుసగా దింపిన రేకు అచ్చులు, అచ్చుల్లో మంచినీళ్ళు, తొట్టి లోపల గొట్టాల్లో అమోనియా. మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు కింద 33 డిగ్రీల వద్దనే మరిగిపోయే ద్రవం అది. గొట్టాల్లో అది మరుగుతూ ఉప్పునీటి నుంచి వేడిని లాక్కొంటుంది. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి ఆరుబయటి గొట్టాల్లోకి పంపితే, వాటి మీద ధారగా పడే నీళ్ళకు ఆ వేడిని వదిలేసి తిరిగి ద్రవమవుతుంది. అంటే మా ఊరి పెళ్ళిళ్ళకు, సోడా కొట్లకు, తీరం నుంచి వచ్చే చేపల బుట్టలకు పోయే ఐసు ఒక ద్రవం మరగడం వల్ల తయారవుతోంది. మరిగించి గడ్డకట్టించడం అన్న మాట విన్నవారు ఎవరూ మొదట నమ్మరు. నేనూ నమ్మలేదు. మావయ్య నా చేతిని పట్టుకొని ఒక గొట్టం మీద పెట్టించాడు, అది తెల్లగా నూగు పట్టి ఉంది. రెండు అడుగుల అవతల మరో గొట్టం మీద పెట్టించాడు, చేయి చురుక్కుమంది.

అమోనియా ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి ఆయన గంధకపు వత్తి వెలిగించి అతుకుల దగ్గర తిప్పేవాడు. కారే చోట తెల్లని పొగ దట్టంగా లేచేది. ఆ పొగ రెండు వాయువులు కలిసి ఏర్పడిన ఘనపదార్థపు సన్నని రేణువులని మాస్టారు తరువాత చెప్పారు. గుంటూరు చుట్టూ మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలలో కూడా ఇదే అమోనియా ఇదే పని చేస్తుంది. ఈ రోజు ఇంటింటికీ వచ్చిన ఏసీ మీద ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అని రాసి ఉండటం చూసినప్పుడల్లా నాకు మావయ్య గుర్తుకు వస్తాడు, ఎందుకంటే ఆ టన్ను యంత్రం బరువు కాదు. 2000 పౌన్ల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకొంటుందో అంత వేడిని అదే సమయంలో తోడివేయగల శక్తికి ఒక టన్ను అని పేరు. ఐసు దిమ్మలతోనే చల్లదనాన్ని అమ్మిన కాలపు కొలత మన గోడల మీద ఇంకా వేలాడుతోంది.

పాఠం అయిపోయినా అది నన్ను విడిచిపెట్టలేదు. ఇల్లంతా కొత్తగా కనిపించసాగింది. అమ్మ హారతి కర్పూరం డబ్బాలో నాలుగు మిరియపు గింజలు వేసేది, లేకపోతే హరించుకుపోతుందని ఆమె నమ్మకం. మిరియాలు నిజంగా ఆపుతాయో లేదో నేను తేల్చుకోలేకపోయాను గాని, కర్పూరంలా హరించుకుపోయిందని పెద్దలు వాడే మాటలో ఉత్పతనమనే పాఠం మొత్తం దాగి ఉందని తెలిసి మురిసిపోయాను. ట్రంకు పెట్టెలో పట్టుచీరల మధ్య వేసిన కలరా ఉండలు ఏడాది తిరిగేసరికి శనగగింజలంతవి కావడమూ అదే. అవి నీరుకారలేదు, చీరల మీద మరక లేదు, ఘనం నుంచి నేరుగా ఆవిరయ్యాయి.

ఇడ్లీ పాత్ర మూత తీస్తూ అమ్మ మణికట్టు కాల్చుకొన్నప్పుడు, అదే వేడి గల నీళ్ళు ఒలికినప్పటి కంటే ఎక్కువగా ఎందుకు బొబ్బలెక్కిందో నాకు తెలుసు. నూరు డిగ్రీల నీరు ఒంటి వేడికి చల్లారేటప్పుడు గ్రాముకు అరవై పైచిలుకు కెలోరీలు వదులుతుంది. ఆవిరి అయితే ముందుగా నీరుగా మారడంలోనే సుమారు 540 వదిలి, ఆ తరువాత ఆ అరవై కూడా వదులుతుంది. ఈ లెక్క అమ్మకు చెప్పినప్పుడు ఆమె వెన్న రాసుకొంటూనే శ్రద్ధగా విన్నది. అప్పటి నుంచి మూతను తన వైపు కాక అవతలి వైపు వంచి తీయడం మొదలుపెట్టింది. నా చదువు మా ఇంట్లో ఒకరికి పనికివచ్చిన మొదటి సందర్భం అదే.

వేసవిలో వంటింటి మూల తడి ఇసుక మీద పెట్టిన మంచినీళ్ళ కుండ సంగతి కూడా ఇలాంటిదే. కుండ చెమర్చి, పైకి వచ్చిన నీరు ఆవిరవుతూ, ఒక్కొక్క గ్రాముకు దాదాపు 580 కెలోరీల వేడిని లోపలి నీటి నుంచి పట్టుకుపోతుంది. మే నెలలో వడగాడ్పు కొట్టే రోజుల్లో కుండనీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండి, జూన్‌లో మబ్బు పట్టి ఉక్కపోసే రోజుల్లో ఎండ తగ్గినా ఎందుకు చల్లబడవో తెలియక మా నాయనమ్మ ఏళ్ళ తరబడి కుండను తిట్టుకొంటూ ఉండేది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే కుండ మీది నీటికి ఆవిరయ్యే వీలు తక్కువ. తప్పు కుండది కాదు.

పదో తరగతిలో, ధనుర్మాసపు చలిలో నెయ్యి పూసకట్టి పేరుకొన్నప్పుడు, దాని మీద కూడా థర్మామీటరు పెట్టి చూడవచ్చా అని మాస్టారిని అడిగాను. ఆయన సంతోషించి పెట్టె తెరిచారు. అంతకు ముందు నాఫ్తలీన్‌ను కరిగించి చల్లార్చినప్పుడు పాదరసం 80 డిగ్రీల దగ్గర గట్టిగా నిలబడటం చూశాము కాబట్టి, నేతిలోనూ ఎక్కడో ఒక చోట నిలబడుతుందని ఎదురుచూశాను. నిలబడలేదు. నడక మందగించింది, కొన్ని డిగ్రీల పొడుగునా తటపటాయించింది, అంతే. నెయ్యి ఒక్క పదార్థం కాదని, రకరకాల కొవ్వుల కలయిక కాబట్టి ఒక్కొక్కటి ఒక్కొక్క చోట గడ్డకడుతుందని, పాదరసం స్థిరంగా నిలబడటమే శుద్ధ పదార్థానికి గుర్తు అని చెప్పారు. ఈసారి నా పట్టికలో ఉన్నవన్నీ చూసిన అంకెలే.

ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి మాధ్యమం ఇంగ్లీషు అయింది, మాటలన్నీ మారిపోయాయి. థర్మామీటరులో కనిపించకుండా కరిగించడానికో మరిగించడానికో ఖర్చయ్యే వేడికి మేము నేర్చిన పేరు గుప్తోష్ణం, అది లేటెంట్ హీట్ అయింది. కొత్త మాటలతో కుస్తీ పడుతూ కూడా నేను ఒక విషయం గమనించాను: గుప్తోష్ణం అనగానే దాగిన వేడి అని నాకు మొదటి రోజే తెలిసింది, కాని చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులో చదివిన నా తోటివారికి లేటెంట్ అన్నది కంఠస్థం చేయవలసిన పేరు మాత్రమే. లాటిన్‌లో ఆ మాటకు మూలం కూడా దాగి ఉండటమే. మన భాషలో ఈ పదాలు కూర్చిన పెద్దలు ఎంత ఆలోచించి కూర్చారో నాకు ఆ ఏడాది అర్థమైంది. స్థితికీ ప్రావస్థకూ తేడా కూడా అక్కడే నేర్చుకొన్నాను. నూనె, నీరు రెండూ ద్రవస్థితిలోనే ఉన్నా, కలవకుండా విడివిడిగా నిలిచాయి కాబట్టి అవి రెండు ప్రావస్థలు. లెక్చరరుగారు బోర్డు మీద ఉష్ణోగ్రతను అడ్డంగా, పీడనాన్ని నిలువుగా వేసి, నీటికి మూడు గీతలు గీసి, ఆ మూడూ కలిసే చుక్క వద్ద మంచు, నీరు, ఆవిరి మూడూ ఒకేసారి కలిసి ఉంటాయన్నారు. 0.01 డిగ్రీ, పాదరసపు కొలతలో నాలుగున్నర మిల్లీమీటర్ల పైచిలుకు పీడనం. అక్కడ తప్ప ఆ మూడూ అలా కలిసి నిలవవు.

ద్రవానికీ వాయువుకూ మధ్య గీత ఎంత దూరమైనా పోతుందని అనుకొన్నాను, కాని అది ఒక చోట ఆగిపోయింది. దానిని సందిగ్ధ బిందువు అంటారు. 1869లో బెల్ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ సోడాల్లో నింపే బొగ్గుపులుసు వాయువుతో, అంటే కార్బన్ డయాక్సైడ్‌తో, ఆ సంగతి తేల్చాడు. సుమారు 31 డిగ్రీలకు పైన ఆ వాయువును ఎంత నొక్కినా ద్రవం కాదు. ఆ గీత దాటాక ద్రవం, వాయువు అన్న తేడాయే చెరిగిపోతుంది. బెల్ఫాస్ట్ వంటి చల్లని ఊళ్ళో 31 డిగ్రీలు రావాలంటే వేడి చేయాలి. మా గుంటూరులో శివరాత్రి వెళ్ళాక ఏ మధ్యాహ్నమైనా ఆ గీత దాటే ఉంటుంది. ఆ ఆలోచన రాగానే నాకు తరగతిలో కూర్చోబుద్ధి కాలేదు, మాస్టారికి చెప్పాలనిపించింది.

1988లో, శివరాత్రి వెళ్ళిన వారంలోనే అనుకొంటాను, లాడ్జి సెంటరు దగ్గర ఆయన ఎదురయ్యారు. నేను చెప్పినదంతా నిలబడి విన్నారు. తరువాత ఏమీ మాట్లాడకుండా నన్ను దగ్గరలోని ఒక సందులోకి, గోళీసోడాలు పట్టే రేకుల షెడ్డుకు తీసుకుపోయారు. ఎండ అప్పటికి 35 డిగ్రీల దాకా ఉంది. సోడాలు పట్టే ఆయనను సిలిండరు గురించి అడిగారు.

"పొద్దున్నే వంచితే లోపల తొణుకుద్దండి, మధ్యాన్నం తొణకదు" అన్నాడు ఆయన. "మొదట్లో గ్యాసు కారిపోయిందేమో అనుకున్నానండి. తూకం వేయిస్తే అంతే ఉంది."

"నిండు సిలిండరా?" అని మాస్టారు అడిగారు.

"నిండుది ఎప్పుడూ తొణకదండి. సగం వాడిందే."

మాస్టారు నా వైపు తిరిగి, "రేపు పొద్దున ఆరింటికి ఇక్కడికి రాగలవా నాయనా?" అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన అప్పటికే షెడ్డు ముందు నిలబడి ఉన్నారు, చేతుల్లో ఆ పొడవాటి అట్టపెట్టె ఉంది. థర్మామీటరును సిలిండరు పక్కన కాసేపు ఆనించి ఉంచి, 23 అని చదివారు. నేను రాసుకొన్నాను. సోడాలు పట్టే ఆయన సిలిండరును రెండు చేతులా పట్టుకొని కొద్దిగా పక్కకు వంచాడు. మాస్టారు దాని మీద చెవి ఆనించి చాలాసేపు విన్నారు. తరువాత పక్కకు జరిగి, నన్ను వినమన్నారు.